తలకాయ, కాళ్లు, బోటి, ఒట్టి తునకలు: కడగడం నుంచి కంచం దాకా

ఆదివారం పొద్దున మటన్ కొట్టు ముందు కాసేపు నిలబడితే చాలామంది నోట ఒకే మాట వినిపిస్తుంది: "తొడ దగ్గర కొట్టన్నా, ఎముకలు తక్కువెయ్యి." వాళ్ల వెనకాల ఒకరిద్దరు పెద్దవాళ్లు తొందర లేకుండా నిలబడి ఉంటారు. వాళ్లు అడిగేది వేరు. "తలకాయ కాల్పించి పెట్టినవా? కాళ్లు ఎన్ని సెట్లున్నయ్?" ఈ వ్యాసం ఆ రెండో వరుసలో చేరాలనుకునేవాళ్ల కోసం.

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు దాదాపు 7.4 కోట్లు. అందులో తెలంగాణలో 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు. అంటే దేశం మందలో దగ్గర దగ్గర సగం మన దగ్గరే మేస్తోంది. అయినా తలకాయ కూర చేయడం రాని ఇళ్లు ఏటికేడు పెరుగుతున్నాయి. అడిగితే "నీచు వాసనండీ" అంటారు. మసాలా ఎంత దట్టించినా ఆ వాసన పోదు. అది పోవలసింది పొయ్యి మీద కాదు, కుళాయి కింద. ఒక్కో భాగంలో వాసన ఒక్కో చోట దాక్కుంటుంది. ఆ చోటు తెలిస్తే వంట సగం అయిపోయినట్టే.

కొనేటప్పుడు

తొడ మాంసం ఫ్రిజ్‌లో రెండు రోజులు ఓర్చుకుంటుంది. లోపలి భాగాలు ఓర్చుకోవు. బోటి (పొట్ట, పేగులు), కార్జం (కాలేయం), మెదడు పొద్దున కోసినవి పొద్దునే తెచ్చి, ఆ పూటే శుభ్రం చేయాలి. సాయంత్రం మిగిలినవి చవగ్గా ఇస్తామన్నా వద్దనండి.

తలకాయలో కళ్లు నిగనిగలాడాలి, లోపలికి పీక్కుపోకూడదు. కార్జం నున్నగా మెరవాలి. దాని మీద తెల్లటి గట్టి చారలున్నా, కోసినప్పుడు గొట్టాల్లోంచి చిన్న ఆకుల్లాంటి పురుగులు వచ్చినా తీసుకోకండి. కార్జం మీదగానీ ఊపిరితిత్తుల మీదగానీ నీటి బుడగల్లాంటి తిత్తులు కనిపిస్తే ఇంకా జాగ్రత్త. అవి బద్దెపురుగు తిత్తులు. వాటిని కుక్కలకు అసలు వేయకూడదు. కుక్క పేగుల్లో ఆ పురుగు పెరిగి గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు మనుషులకు చేరతాయి. పాతిపెట్టడమో కాల్చేయడమో చేయాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ పశువుల ఊపిరితిత్తులను ఆహారంగా అమ్మడం 1971 నుంచి నిషిద్ధం, కాబట్టి వాటి కోసం వెతకకండి. కాళ్లు, బోటి మాత్రం హలాల్ కొట్లలోనూ మెక్సికన్ కొట్లలోనూ దొరుకుతాయి. సూపర్ మార్కెట్లలో తెల్లగా మెరిసేది ఎక్కువగా పెద్దపశువు (ఆవు, ఎద్దు) బోటి. ముందే ఉడికించి, తెల్లబరిచి అమ్ముతారు. కడిగే పని ఉండదు, రుచి కూడా అంతంతమాత్రమే.

తలకాయ

తలకాయ రెండు రకాలుగా ఇస్తారు: తోలు ఒలిచింది, తోలుతో కాల్చింది. కాల్చిందే తీసుకోండి. జిగురంతా తోలులోనే ఉంటుంది, కాల్చిన కమ్మదనం కూడా దానికే పడుతుంది. పెద్ద మార్కెట్ల పక్కన గ్యాస్ మంటతో తలకాయలు, కాళ్లు కాల్చి ఇచ్చేవాళ్లు కూర్చుని ఉంటారు. వాళ్లు నల్లగా మాడ్చి ఇచ్చేస్తారు. అక్కడితో పని అయిపోలేదు. ఇంటికొచ్చి గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, మొండి కత్తితో మసి అంతా గీకాలి. కింద గోధుమ రంగు తోలు కనిపించేదాకా గీకుతూనే ఉండాలి. చెవుల లోపలి మడతలు, కళ్ల చుట్టూ, పెదవుల సందులు మరచిపోతే కూరలో వెంట్రుకలు వస్తాయి.

ఇక కొట్టించడం. "ముక్కు నిలువునా చీల్చి కొట్టన్నా" అని ప్రత్యేకంగా చెప్పండి. ఎందుకో చెబితే కొందరు ఈ వ్యాసం ఇక్కడే ఆపేస్తారేమో. గొర్రె ముక్కులో ఒక ఈగ పిల్లలు పెడుతుంది. ఆ పురుగులు ముక్కు లోపలి గదుల్లో నెలల తరబడి పెరుగుతాయి. ప్రతి తలకాయలోనూ ఉండవు, ఉన్నప్పుడు మాత్రం తెల్లగా, లావుగా కనిపిస్తాయి. ముక్కు నిలువునా చీలిస్తే లోపలి పలుచటి చుట్టల ఎముకలు, వాటి మీది జిగట పొర బయటపడతాయి. ఆ ఎముకలన్నీ వేలితో పెరికి పారేసి, ధారగా నీళ్లు పెట్టి కడగాలి. తలకాయ కూరలో నీచు వాసనకు అసలు కారణం ఈ పొరే.

మెదడు విడిగా తీయించుకోండి. నాలుకను మరిగే నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ముంచి తీస్తే పైనున్న గరుకు పొర గోటికి వచ్చేస్తుంది. పళ్లున్న దవడ ఎముక కొందరు వేసుకుంటారు. నేను వేయను, చిన్నపిల్లల నోట్లో పన్ను ముక్క పడితే ఆ రోజు భోజనం అక్కడితో సరి. చివరగా పసుపు, కల్లుప్పు పట్టించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి.

వండే తీరు ఇది. ఒక తలకాయకు నాలుగు పెద్ద చెంచాల నూనె కాచి, రెండు పెద్ద ఉల్లిగడ్డల తరుగు ఎర్రగా వేయించి, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, అరచెంచా పసుపు వేసి ముక్కలు వేయండి. మూత పెట్టకుండా పది పన్నెండు నిమిషాలు వేయించాలి. ముక్కల్లోంచి నీరూరి, ఆ నీరు ఇగిరిపోవాలి. అప్పుడు రెండు చెంచాల కారం, సరిపడా ఉప్పు, మూడు గ్లాసుల నీళ్లు. కుక్కర్ మొదటి విజిల్ దాకా పెద్ద మంట, ఆ తర్వాత సన్న సెగ మీద ముప్పై అయిదు నిమిషాలు. ముదురు పొట్టేలైతే ఇంకో పది. మూత తీశాక ఎండుకొబ్బరి, గసగసాలు, ధనియాలు వేయించి నూరిన ముద్ద వేసి మరో పది నిమిషాలు ఉడకనివ్వాలి. ఈ పది నిమిషాల్లోనే మెదడు ముక్కల్ని పైన మెల్లగా పెట్టండి, గరిటె పెట్టి కలపకండి. జొన్నరొట్టె ఉంటే అన్నం జోలికి పోకండి.

కాళ్లు

కాళ్లు శుభ్రం చేయడం తలకాయకన్నా తేలిక, ఒక్క చోట తప్ప. కాల్చి, వేడి మీదే గిట్టలు తిప్పి లాగితే ఊడివస్తాయి. చల్లారితే ఇక రావు. గిట్టలు ఊడాక రెండు వేళ్ల సందులో చూడండి. గొర్రె కాలికి అక్కడ ఒక చిన్న తిత్తి ఉంటుంది, లోపల వెంట్రుకలు, మైనం లాంటి మడ్డి. అదొక గ్రంథి, మంద నడిచిన దారిలో వాసన వదిలేది అదే. మేక కాలికి ఇది ఉండదు. కత్తి మొనతో చుట్టూ కోసి ఆ తిత్తిని పూర్తిగా తీసేయాలి. పాయా, అంటే కాళ్ల పులుసు, ఎంత ఉడికించినా ఏదో తేడా వాసన వస్తోందని బాధపడేవాళ్లలో చాలామంది ఈ తిత్తిని వదిలేసినవాళ్లే.

ఎనిమిది కాళ్లు మూడేసి ముక్కలుగా కొట్టించి, నిండా నీళ్లు పోసి అయిదు నిమిషాలు మరిగించండి. పైకి తేలే బూడిద రంగు నురగతో సహా ఆ నీళ్లు పారబోయండి. మళ్లీ మూడు లీటర్ల నీళ్లు, నాలుగు లవంగాలు, రెండు అంగుళాల దాల్చినచెక్క, చెంచా మిరియాలు, ఒక ఉల్లిగడ్డ నాలుగు చెక్కలు. గిన్నెలో సన్న సెగ మీదైతే మూడు నాలుగు గంటలు, కుక్కర్లో అయితే గంట. తోలు, నరాల్లోని గట్టి పీచు అంతా జిగురుగా కరగడానికి అంత సమయం కావాలి. పెద్ద మంట పెడితే నీళ్లు ఇగురుతాయేగానీ జిగురు తొందరగా దిగదు. అయిందో లేదో చూడడానికి చెంచాడు రసం చల్లార్చి రెండు వేళ్ల మధ్య రాసుకోండి. వేళ్లు అంటుకుని చప్పుడుతో విడిపోతే అయినట్టు. రాత్రికి ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకి గడ్డకట్టిన పెరుగులా కదలకుండా ఉండాలి.

తాలింపు మీ ఇష్టం. హైదరాబాద్ పాతబస్తీలో పొద్దునే నహారీతోపాటు (రాత్రంతా సన్న సెగ మీద ఉడికించిన మాంసం రసం) అమ్మే పాయా పల్చగా, మిరియాల ఘాటుతో ఉంటుంది, నాన్‌తో తింటారు. అడిగితే నహారీలో జబాన్, అంటే నాలుక ముక్కలు కూడా వేసిస్తారు. మా ఇంట్లో పాయాలో చింతపండు పులుసు కొంచెం పోస్తాం. అది పాతబస్తీవాళ్లకు చెబితే ముఖం చిట్లిస్తారు.

బోటి

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. మొదటిసారి నేను బోటి తెచ్చినప్పుడు, బాగా శుభ్రం కావాలని సలసల మరిగే నీళ్లలో వేశాను. లోపలి నల్లటి పొర అతుక్కుపోయింది. గంటన్నర గీకినా రాలేదు. మా నాయనమ్మ వచ్చి చూసి, "బోటికి స్నానం పోయాలె, ఉడకబెట్టొద్దు" అని నవ్వి, గిన్నె మొత్తం పెంటకుప్పలో పోయించింది. అసలు కిటుకంతా ఆ ఒక్క మాటలో ఉంది. నీళ్లు అరవై అయిదు, డెబ్బై డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ అక్కర్లేదు. మూడు చెంబుల మరిగే నీళ్లకు రెండు చెంబుల చన్నీళ్లు కలిపితే దాదాపు అంతే వస్తుంది. నిమిషం, నిమిషంన్నర ముంచి తీసి, చెంచా అంచుతో గీకి చూడండి. పొర తువ్వాలు మీది తడి మట్టిలా జారిపోవాలి. రాకపోతే మరో అరనిమిషం. తక్కువసేపు ముంచితే మళ్లీ ముంచవచ్చు. ఎక్కువైతే దిద్దుకోలేం.

గొర్రె పొట్ట నాలుగు గదులు. పెద్దది తువ్వాలులా నూగు నూగుగా ఉంటుంది, ఎక్కువ మాంసం అదే. దాని పక్కది తేనెపట్టు గళ్లలా ఉంటుంది, తినడానికి అన్నిటికన్నా బాగుండేది ఇదే, గళ్లలో మసాలా నిలుస్తుంది. మూడోది పుస్తకం పేజీల్లా మడతలు మడతలు. ఒక్కో పేజీ మధ్య గడ్డి, ఇసుక దాక్కుని ఉంటాయి. ఓపిక లేకపోతే దీన్ని వదిలేయండి, తప్పు లేదు. నాలుగోది నున్నగా, జిగటగా ఉంటుంది, గోరువెచ్చని ఉప్పునీళ్లలో తిరగేసి కడిగితే చాలు.

పొర ఊడని మొండి చోట్లకు తమలపాకుల సున్నం చెంచాడు రాసి పది నిమిషాలు ఉంచి గీకుతారు. పనిచేస్తుంది. చేతులకు తొడుగు వేసుకోండి, తర్వాత అయిదారు నీళ్లు మార్చి కడగండి, సున్నం ఏమాత్రం మిగిలినా కూర చేదెక్కుతుంది.

పేగులను సన్నటి వెదురుపుల్ల సాయంతో లోపలి భాగం బయటికొచ్చేలా తిప్పాలి. కుళాయికి ఒక కొస తగిలించి ముందు నీళ్లు పారిస్తే పని సులువు. తిప్పాక రాళ్లుప్పు, బియ్యప్పిండి వేసి బట్టలు నలిపినట్టు నలపండి. పిండి జిగటను పట్టుకుని వచ్చేస్తుంది. రెండుసార్లు ఇలా చేసి, చివరగా పుల్లటి మజ్జిగలో పావుగంట ఉంచి కడిగితే వాసన పోతుంది.

అన్నీ కడిగాక పసుపు వేసి అయిదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోయండి. చిన్న ముక్కలు కోయాల్సింది అప్పుడే, ముందే కోస్తే ఉడికాక నలుసులవుతాయి. తర్వాత అల్లం వెల్లుల్లి, ఉప్పు వేసి కుక్కర్లో సన్న సెగ మీద నలభై నిమిషాలు. ముక్క మెత్తగా ఉంటూనే పంటికి కొంచెం తగలాలి.

ఎండాకాలం మొదట్లో చింతచిగురు దొరికినన్నాళ్లూ బోటికి దాన్ని మించిన జోడీ లేదు. కిలో బోటికి పావుకిలో చిగురు చేత్తో నలిపి, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ వేగాక వేసి, అది నల్లబడి నూనె వదిలాక బోటి వేసి పావుగంట దగ్గర పెట్టండి. చిగురు లేని రోజుల్లో గోంగూర. అదీ లేకపోతే గంట నానిన శనగపప్పు గుప్పెడు.

మిగిలినవి, గబగబా

కార్జానికి ఎక్కువ వంట అక్కర్లేదు. పై పొర ఒలిచి, ఆకుపచ్చ మరక పడ్డ ముక్క కనిపిస్తే కోసి పారేయండి. అది పిత్తం, కూరంతా చేదు చేస్తుంది. ముక్క లోపల ఎరుపు పోగానే దించేయాలి, ఆరేడు నిమిషాలు చాలు. ఉప్పు చివర్లో వేయండి. కార్జంలో ఏ విటమిన్ చాలా ఎక్కువ, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా తినకూడదు. యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉన్నవాళ్లకు ఈ వ్యాసంలోని వంటలన్నీ గీతకు అవతలివే.

గుర్దాను (మూత్రపిండం) నిలువునా చీల్చి మధ్యలోని తెల్లటి బొడిపె మొత్తం కోసేయండి, మూత్రం వాసన అక్కడే. తిల్లిని (ప్లీహం) నిప్పుల మీద కాల్చి, కోసి, ఉప్పుకారం చల్లుకోవడమే. మెదడును చల్లటి ఉప్పునీళ్లలో అరగంట ఉంచి, పైనున్న పలుచటి పొర, రక్తనాళాలు మెల్లగా లాగేసి, పసుపునీళ్లలో ఎనిమిది నిమిషాలు ఉడికించి, ఉల్లిగడ్డ మిరియాలతో వేయించండి.

నల్ల, అంటే రక్తం, హలాల్ కొట్లలో అమ్మరు. పారిన రక్తం ఇస్లాంలో నిషిద్ధం. ఊళ్లో యాటను (మేకనో గొర్రెనో) కోసినప్పుడే దొరుకుతుంది. గిన్నెలో కొంచెం ఉప్పునీళ్లు పోసి పట్టి, గడ్డకట్టాక ముక్కలు కోసి, మరిగే నీళ్లలో లోపలిదాకా ముదురు గోధుమరంగు వచ్చేవరకు ఉడికించి, అప్పుడు చిదిమి వేపుడు చేస్తారు. పచ్చిగా బాండీలో వేయడం మంచిది కాదు.

ఒట్టి తునకలు, బేకన్ ఊసు

ఫ్రిజ్ లేని రోజుల్లో యాటనుగానీ పెద్దపశువునుగానీ కోస్తే ఒక పూటలో తినలేనిదంతా దండేనికెక్కేది. ఎండు తునకలు, ఒట్టి తునకలు, ఉప్పుకండ: ఊరిని బట్టి పేరు మారుతుంది. ఉప్పుతో మాంసంలోని నీటిని తీసేసి నిలవ చేయడమే ఇదంతా. బేకన్, అంటే ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం, మొదలయ్యేదీ అక్కడే. కానీ రెండూ విడిపోయేది వాతావరణం దగ్గర. చలిదేశంలో పంది కొవ్వు వారాల తరబడి ఉప్పులో ఊరినా పాడవదు. మన ఎండకు కొవ్వు మూడో రోజుకే కనరు వాసన కొడుతుంది. అందుకే వాళ్లు కొవ్వున్న చోటు ఎంచుకున్నారు, మనం కొవ్వు లేని కండ ఎంచుకున్నాం.

వాళ్లలోనూ ఒక్కొక్కరిది ఒక్కో చోటు. అమెరికావాళ్లకు బేకనంటే పొట్ట, చారలు చారలుగా కొవ్వు. ఇంగ్లండ్‌వాళ్లకు ఎక్కువగా నడుము కండ. టొరంటోవాళ్లు అదే నడుము కండను పొగ పెట్టకుండా ఉప్పునీళ్లలో ఊరబెట్టి, పూర్వం బఠానీ పిండిలో, ఇప్పుడు మొక్కజొన్న పిండిలో దొర్లిస్తారు. ఇటలీలో రోమ్ చుట్టుపక్కల వాడే గ్వాన్‌చాలే అయితే అచ్చంగా పంది దవడ. ఉప్పు, మిరియాలు పట్టించి వారాలపాటు వేలాడదీస్తారు. అమాత్రిచానా అనే పాస్తాకు అదే ప్రాణం. తలకాయ కూరలో మనం గిన్నె అడుగున వెతుక్కునే దవడ కండే మరి.

విదేశాల్లో ఉండి బేకన్ ఇంట్లో చేసుకుంటామనేవాళ్లకు కొలతలు: కిలో పంది పొట్ట కండకు 22 గ్రాముల ఉప్పు, 10 గ్రాముల చక్కెర, 6.25 శాతం సోడియం నైట్రైట్ ఉన్న క్యూరింగ్ సాల్ట్ 2.5 గ్రాములు. సంచిలో మూసి, నాలుగు డిగ్రీలు దాటని ఫ్రిజ్‌లో ఏడు రోజులు, రోజూ తిప్పుతూ. కడిగి, తుడిచి, ఒక రాత్రి ఆరబెట్టి, 95 డిగ్రీల ఓవెన్‌లో లోపలి వేడి 65 డిగ్రీలకు చేరేదాకా ఉంచి, చల్లార్చి కోసి వేయించుకోవాలి. క్యూరింగ్ సాల్ట్‌ను పింక్ సాల్ట్ అని కూడా అంటారు. మనం సైంధవ లవణాన్నీ అదే పేరుతో కొంటాం. రెండూ ఒకటి కాదు. ఒకటి బదులు ఇంకొకటి వేస్తే ప్రమాదం, క్యూరింగ్ సాల్ట్‌ను తూకం లేకుండా వేసినా ప్రమాదమే.

ఇక తునకలు. ఏప్రిల్, మే నెలలే మంచి కాలం. గాలిలో తేమ ఉండే కోస్తా ఊళ్లలో ఎండను నమ్ముకోకుండా డీహైడ్రేటర్ వాడండి. తొడ కండ కిలో తీసుకుని కొవ్వంతా గీసేసి, పోగుల వెంట పొడుగ్గా, చిటికెన వేలి మందాన కోయాలి. 40 గ్రాముల ఉప్పు, చెంచా పసుపు, కావాలంటే కారం, వెల్లుల్లి పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పూర్వం పచ్చి కండే నేరుగా దండేనికెక్కేది. నేను మాత్రం ముందు ఆవిరి మీద, ముక్క లోపలిదాకా ఉడుకు పట్టేంత సేపు ఉంచి అప్పుడు ఎండేస్తాను. మాంసం ఎండబెట్టేముందు 71 డిగ్రీల వేడి చూపించాలని అమెరికా వ్యవసాయ శాఖ కూడా చెబుతుంది. రంగు కొంచెం తగ్గుతుంది, కడుపు మాత్రం క్షేమం.

దబ్బనంతో దారానికి గుచ్చి, ముక్కకూ ముక్కకూ వేలెడు ఎడం ఇచ్చి, పలుచటి గుడ్డ కప్పి కట్టండి. ఈగ గుడ్డు పెట్టడానికి క్షణం చాలు. పొద్దుగూకకముందే లోపలికి తేవాలి, మంచు పడితే రోజు ఎండ వృథా. మూడు నాలుగు రోజుల్లో కిలో మాంసం మూడో వంతుకు దిగుతుంది. వంచితే వంగకూడదు, పుటుక్కున విరగాలి. వంగుతోందంటే మరో రోజు ఎండ కావాలి.

వండేటప్పుడు నిప్పుల మీద కాల్చి, రోట్లో రెండు దెబ్బలు వేసి పీచు విడిపోయాక వేడినీళ్లలో అరగంట నానబెట్టండి. ఆ నీళ్లలో ఉప్పంతా దిగుతుంది, పారబోయండి. గోంగూరతోనో వంకాయతోనో కూరలో విడిగా ఉప్పు వేయకండి, చివర్లో చూసుకోండి.

జాడీలో దాచినవాటి మీద కొన్నాళ్లకు తెల్లగా ఏదో పొడి కనిపిస్తుంది. తడి వేలితో రాస్తే కరిగిపోతే అది ఉప్పే. నూగుగా ఉండి, కరగకుండా వేలికి అంటుకుని, మక్కిన వాసన వస్తే బూజు. అప్పుడు ఆ ఒక్క ముక్కను ఏరిపారేసి మిగతావి వాడేద్దామనుకోకండి, జాడీలోవన్నీ పారబోసి, ఖాళీ జాడీని ఎండలో పెట్టి, కొత్త మాంసంతో మళ్లీ మొదలుపెట్టండి.